తర్జుమా

మైకు అబిగయీలు చేతిలో ఉంది. పక్కన నిలబడ్డ రెజీనా మేడం ఇంగ్లీషులో ఒక మాట చెప్పి ఆగింది. ఇప్పుడు దాన్ని అబిగయీలు తెలుగులో చెప్పాలి. ప్రార్థన మందిరంలో చాపల మీద కూర్చున్న తల్లులంతా ఆమె నోటివైపే చూస్తున్నారు.

మేడం మాట్లాడింది ఆడపిల్లల హాస్టలు గురించి. మైపాడు చుట్టుపక్కల చేపల వేటకు పోయే ఇళ్లలోని పిల్లలు ఇరవై ముగ్గురు అందులో ఉండి చదువుకుంటున్నారు. దాన్ని నడిపే లండన్ ట్రస్టు తరఫున మేడం వచ్చింది. హాస్టలు ఉంచుతారా, మూస్తారా? అందరికీ కావలసింది ఆ ఒక్క ముక్కే.

"మేడం, వన్స్ మోర్ ప్లీజ్," అంది అబిగయీలు.

మేడం నవ్వి, చేతిలోని కాగితం చూసుకుంటూ నిదానంగా మళ్లీ చెప్పింది. "వి మే నాట్, పర్హాప్స్, రియల్లీ బి ఏబుల్ టు కీప్ ద హాస్టల్ గోయింగ్. బట్ యు మస్ట్ నాట్ థింక్ వి డోంట్ కేర్."

నిదానంగా వినేసరికి చిక్కు ఇంకా పెరిగింది.

మే అంటే 'వచ్చు'. మస్ట్ అంటే 'తప్పక'. బడిలో ఈ పట్టికంతా అబిగయీలు కళ్లు మూసుకుని అప్పజెప్పేది. మే నాట్ అంటే నడపలేకపోవచ్చు. అంటే నడపనూ వచ్చు. పర్హాప్స్ అంటే బహుశా. 'వచ్చు' ఉండగా మళ్లీ 'బహుశా' ఎందుకు? దాని వెంటే రియల్లీ. నిజంగా బహుశానా, బహుశా నిజమా? చివర మస్ట్ నాట్ ఉంది. అది గట్టి మాట. ఏదో కూడదంటోంది. మూయకూడదనా, మనం ఏదో అనుకోకూడదనా?

"ఏంది పాపా, ఆమె అంత పొడుగు మాట చెప్తే నువ్వు గమ్మునుండావు?" ముందు వరసలోంచి మస్తానమ్మ అరిచింది.

"చెప్తాండా అక్కా. మేడం ఏమంటుండారంటే... నడపలేకపోవచ్చు అంటుండారు. బహుశా."

"అంటే మూస్తారా?"

"మూయకపోవచ్చు కూడా."

"ఇదేందబ్బా! మూసేదో తెరిచేదో తెలీకుండా మేం యాడికని పోవాల?"

వెనకనుంచి దుర్గ లేచింది. ఆమె కూతురు పదో తరగతి. "మూస్తామంటే ఈపొద్దే తోలుకపోతా. రేపట్నించి నాతో రొయ్యల షెడ్డుకు వస్తాది, తలకాయలు తీస్తాది. ఏదో ఒకటి చెప్పమ్మా, తెలుసుకోని పోతాం."

గోడవారన కూర్చున్న హాస్టలు పిల్లలంతా ఇటు తిరిగారు. దుర్గ కూతురు తలెత్తకుండా చాప అంచు పీకుతోంది.

అబిగయీలు మైకు చెంగులో దాచి, కుర్చీలో ఉన్న జడ్సన్ సారు దగ్గరికి వెళ్లి వంగింది. నలభై ఏళ్లుగా ఇక్కడికి వచ్చిన దొరల మాటలన్నీ తర్జుమా చేసింది ఆయనే. ఎనభై దాటి, ఎక్కువసేపు నిలబడలేక, ఈసారి ఆ పని ఆమెకు అప్పగించాడు.

"సార్, మే నాట్ అంటుంది. నడుపుతామనా, నడపమనా?"

"పర్హాప్స్ కూడా అన్నదా?"

"అన్నది సార్."

"రియల్లీ?"

"అదీ అన్నది."

"అనేటప్పుడు నవ్విందా?"

"నవ్వతానే ఉంది సార్."

ఆయన కర్ర ఊని లేచాడు. "మైకు ఇట్టియ్యి."

మేడం ఆయనకు నమస్కారం పెట్టింది. ఆయన అంతకంటే వంగి నమస్కారం పెట్టి, జనం వైపు తిరిగాడు.

"తల్లులారా! హాస్టలు మూయరంట! మన బిడ్డల్ని చదివిస్తామని చెప్తుండారు! కొట్టండి చప్పట్లు!"

మందిరం దద్దరిల్లింది. మస్తానమ్మ పరుగున వచ్చి మేడం చేతులు రెండూ కళ్లకద్దుకుంది. పిల్లలు చుట్టూ మూగారు. దుర్గ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తూనే, పక్కవాళ్లందరికీ చెబుతోంది. "నా బిడ్డ పరీచ్చలు రాస్తాదంటక్కా!"

మేడం బిత్తరపోయింది. "వాట్ డిడ్ హి టెల్ దెమ్?" అని అబిగయీలును అడిగింది.

"వాట్ యు సెడ్, మేడం," అంది అబిగయీలు. ఆమె అనుకున్నదీ అదే.

మేడం ఏదో చెప్పబోయింది. ఇంతలో ఒక చిన్నపిల్ల దండ పట్టుకుని ఆమె మెడలో వేయడానికి ఎగరసాగింది. అందడం లేదు. మేడమే వంగింది. వంగిన మనిషి చాలాసేపు తల ఎత్తలేదు. ఎత్తాక, చేతిలో ఉన్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో తోసేసి, మైకు తీసుకుంది.

"యెస్," అంది. జనం వైపు తిరిగి మళ్లీ అంది. "యెస్. వి విల్."

ఇందులో మే లేదు, నాట్ లేదు, పర్హాప్స్ అసలే లేదు. అబిగయీలు తడుముకోకుండా తర్జుమా చేసేసింది. "నడుపుతారంట!"

మేడం కారు వెళ్లిపోయాక ఆమె జడ్సన్ సారుకు టీ తెచ్చి ఇచ్చింది. మనసులో ఇంకా అదే తిరుగుతోంది.

"సార్, ఎంత ఆలోచించినా ఆ మొదటి మాట నాకు మూస్తామన్నట్టే వినపడుతుంది. నేను యాడ తప్పు చేసినాను?"

ఆయన టీ ఊదుకుని ఒక గుక్క తాగాడు.

"నువ్వేం తప్పు చేయలా పాపా. ఆమె మూసేస్తామనే చెప్పింది."