ఎడమ చుట్టు

హీటరు వేసినప్పుడల్లా ఫ్యూజు పోతోందని విసిగి, ఎలక్ట్రీషియన్ పొద్దున తన ఇంట్లో ఫ్యూజుకి లావుపాటి రాగి తీగ బిగించేశాడు. రాత్రి పాపను పొట్ట మీద పడుకోబెట్టుకుని, వెచ్చగా, హాయిగా కునుకు తీస్తుండగా కరెంటు పోయింది. "రాగి తీగ వేశాక ఫ్యూజు పోకూడదే," అని గొణిగాడు.

"రాగి తీగా వేశావు? గోడలో వైరు సన్నది కదా, అది కాలి కొంప అంటుకుంటే?" అంది భార్య నిద్రమత్తులో. "మా నాన్న ఉంటే నీ చెవి మెలిపెట్టేవాడు."

టార్చి పట్టుకుని మెట్ల కిందికెళ్లి ఫ్యూజు లాగాడు. రాగి తీగ లేదు. అది చక్కగా చుట్ట చుట్టి పెట్టె మీద ఉంది. ఫ్యూజులో సరైన సైజు సన్న తీగ కాలి తెగింది. దాని కొస స్క్రూకి ఎడమవైపుగా చుట్టి ఉంది. అలా చుడితే బిగించేకొద్దీ తీగ జారిపోతుంది. ఆ పొరపాటు చేసేది ఒక్కడే, పని నేర్పిన మామ. ఆయన పోయి ఏడాదైంది.

ఒళ్లు జలదరించింది. ఆ వెనకే నవ్వొచ్చింది.

"చుట్టు ఇంకా తప్పే మామా," అన్నాడు మెల్లగా. సరిచేద్దామని మోకాళ్ల మీద కూర్చుని, మామ వెనక నిలబడి పనిముట్లు అందించిన రోజుల అలవాటు కొద్దీ చెయ్యి వెనక్కి చాచాడు.

స్క్రూడ్రైవర్ పిడి అరచేతిలోకి వచ్చింది.