గోరింక వంతు పండు

తాతల నాడు ఆ అడవిలో గోరింకలు సింహం పెట్టింది తిని, సింహం తరఫున వాదించేవి. తర్వాత జంతువులన్నీ కూడి, "ఇకమీదట మా అందరి తరఫునా నువ్వే మాట్లాడాలి" అని గోరింకకు చెప్పి, రోజుకొకరు వంతు వేసుకుని పండు తెచ్చిపెట్టసాగాయి.

ఒకనాడు తాబేలు ఏడుస్తూ వచ్చింది.

"గోరింకమ్మా, ఏటి ఒడ్డున అడవిపందులు మా గుడ్లన్నీ తవ్వి తినేశాయి. ఆ ఒడ్డును వాటికిచ్చింది రాజుగారే. మా కోసం నువ్వే అడగాలి."

"రాజుగారి మీద నేనెలా మాట్లాడతాను పిన్నీ? మా తాత రాజుగారి తరఫున వాదించింది ఈ కొమ్మ మీదే" అంది గోరింక.

తాబేళ్ల మొర సింహం సభకు వచ్చిన నాడు అది సింహం పక్కనే నిలబడింది. గుడ్లను ఇసుకలో పెట్టడం తాబేళ్ల తప్పేనని పొద్దు వాలేదాకా వాదించి గెలిచింది. సింహం మెచ్చుకోలుగా జూలు విదిల్చింది.

మర్నాడు తెల్లవారేసరికి తాబేలు కొమ్మ కిందికి వచ్చింది. నోట కరచుకొచ్చిన నేరేడు పండును నేలమీద పెట్టింది.

"ఇవాళ వంతు మాదమ్మా. తిను" అని మెల్లగా ఏటివైపు వెళ్లిపోయింది.

నిన్న అంతసేపు వాదించిన నోరు ఆ పండుకు తెరుచుకోలేదు.