వరసకో కుట్టు ఎక్కువ

ఇది ఉడతలు కూడా ఊలు అల్లుకున్న రోజుల్లో మాట. చారలమ్మ అనే ఉడతకి వాళ్ళమ్మ పోతూ పోతూ ఓ మఫ్లర్ ఇచ్చింది. ముళ్ళకంపలకి చిక్కిన గొర్రెబొచ్చు ఏరి, వడికి, కొక్కెం పుల్లతో తనే అల్లింది. పాపం ఆవిడకి లెక్క రాదు, ప్రతి వరస చివరా ఓ కుట్టు ఎక్కువేసేది. అదేమంటే "ఉండనీవే, ఎవరికో పనికొస్తుంది" అనేది. దాంతో మఫ్లర్ ఓ కొస తోకంత, రెండో కొస చేటంత అయింది.

"మెడకి చేట కట్టావేం వదినా?" అని కాకి ఒకటే నవ్వు.

ఆ ఏడు చలికి చారలమ్మ పిల్లలిద్దరూ గజగజా వణికారు. కంపల్లో బొచ్చు లేదు. మఫ్లర్ విప్పి పిల్లలకి టోపీలు అల్లితే అమ్మ చేతిపని ఇక ఉండదు. చారలమ్మ దాన్ని ముక్కుకి ఆనించుకుని చాలాసేపు కూర్చుంది. తర్వాత కొస పట్టుకుని లాగింది.

"ఒక్క టోపీకే సరిపోతుంది. రెండోదానికేం పెడతావ్?" అంది కాకి.

లాగేకొద్దీ ఊలు వస్తూనే ఉంది. రెండు టోపీలయ్యాక కూడా ఓ ఉండ మిగిలింది. దాంతో కాకికి మేజోళ్ళు మొదలెట్టింది.

"వదినా, చివర ఓ కుట్టు ఎక్కువేశావ్!"

"ఉండనీ వదినా, ఎవరికో పనికొస్తుంది," అంది చారలమ్మ, అచ్చం వాళ్ళమ్మ గొంతుతో.