మూత ఎవరి పని?

మా ఆయనకు ఇంట్లో తన మేజోళ్లు ఎక్కడుంటాయో తెలియదు కానీ, బిష్కెక్ నగరంలో ఏ పని ఏ శాఖదో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతారు. కాలువలు శుభ్రం చేయించే శాఖలో అధికారి మరి.

ఆ సాయంత్రం మా అత్తగారు విరిగిన కాలికి కట్టుతో పరుపు మీద ఉన్నారు. పొద్దున మేమిద్దరం ఇంట్లో లేనప్పుడు, మా గుమ్మం ముందే, మూతలేని కాలువలో పడ్డారు.

"మూత తీసింది మీవాళ్లే కదా?" అన్నాను.

"తీసి, పూడిక ఎత్తడం వరకే మా పని. మళ్ళీ మూయాల్సింది రోడ్ల శాఖ," అన్నారు తాపీగా. "టీ పొయ్యి."

నాకు ఒళ్లు మండింది. టీ కూజా ఆయన ముందు పెట్టి, చేతులు కట్టుకుని కూర్చున్నాను. "కాచడం వరకే నా శాఖ. పొయ్యడం నాది కాదు."

మా ఇళ్లల్లో కోడలు టీ పోయకపోవడమంటే తిరుగుబాటే. ఆయన మొహం ఎర్రబడింది. "చూశావా అమ్మా, దీని పొగరు?"

అత్తగారు కొడుకునే చూశారు. "కాలువలో పడి గొంతు పోయేదాకా అరిచానురా ఉలాన్. ఏ శాఖను పిలవాలో తెలియక నీ పేరే పిలిచాను."

ఆయన లేచి కోటు తొడుక్కున్నారు.

"ఎక్కడికిరా?"

"మూత వేసొస్తాను. తెరిచి వదిలేసింది నేనే అమ్మా. తప్పు నాదే."