పాసుకి ఫోటో

“ఆ నల్లగుడ్డ కింద దూరినోడికి నా మొకం నానెందుకు సూపించాల?” అందామె, తల మీది కొంగు ఇంకాస్త కిందికి లాక్కుని.

రాయపూర్ రైల్వే ఆఫీసు వరండాలో నవ్వులు లేచాయి. గోల్‌బజారు నుంచి పెట్టె మోసుకొచ్చిన ఫోటోవాలా గుడ్డలోంచి తల బయటికి తీసి, “అరే మాఈ, ఏక్ మినిట్ కా కామ్ హై,” అని బతిమాలాడు.

“నీ మినిట్టు నువ్వే ఉంచుకో.”

పాసుల గుమాస్తా రామమూర్తి చదువుతున్న పత్రిక మడిచి లేచి వచ్చాడు. ఆయన ఈ ఊరికి బదిలీ మీద వచ్చి నెల కాలేదు. బెజవాడ నుంచి వాడిపోయి వచ్చే ఆ పత్రికను అక్షరం వదలకుండా చదువుతాడు. చదివి ఊరుకునే రకం కాదు; సైన్సు వార్త ఏది పడ్డా సంపాదకుడికి ఉత్తరం రాస్తాడు. క్షయ టీకా వద్దన్నవాళ్లను ఆయన దులిపేసిన ఉత్తరం అచ్చయింది కూడా. ఇప్పుడు రైల్వే పనివాళ్లకీ వాళ్ల భార్యలకీ ఇచ్చే ఉచిత రైలు పాసులకి ఫోటోలు అంటించాలన్న మాట మీద పాఠకులు రెండు జట్లుగా విడిపోయి ఆ పత్రికలోనే తిట్టుకుంటున్నారు. రామమూర్తి ఏ జట్టో చెప్పనక్కర్లేదు. ముందుగా ఇక్కడే చేసి చూడమని పైనుంచి హుకుం వస్తే, పెళ్లిపెద్దలా హడావిడి పడ్డాడు.

“పేరేమిటి?” అన్నాడు.

“బంగారమ్మ బాబూ,” అని పక్కనుంచి మగగొంతు పలికింది. భన్‌పురి వైపు పట్టాల పని చేసే దానయ్య. ఆమెకి బారెడు దూరంలో నిలబడి భుజం మీది గమ్చాను మెలిపెడుతున్నాడు. ఆమె వైపు కన్నెత్తి చూడడు. పెళ్లానికి జడిసే మనిషి కాబోలని రామమూర్తి లోపల నవ్వుకున్నాడు.

“చూడు బంగారమ్మా, విదేశాల్లో ఎప్పట్నుంచో ఉన్నదే ఇది. ఒక ఫోటో పాసు మీద అంటిస్తాం. ఇంకోటి మీ ఇనస్పెక్టరు గారు చూసి, ఔను ఈ మనిషేనని సంతకం పెడతారు. ఒకరి పాసు మీద ఇంకొకరు తిరగకుండా. నీ మంచికే.”

“నా మంచి మీ పేపరోడికేటి తెలుసు? పార్వతీపురంలో మా యమ్మకి పేనం మీదికొచ్చింది. నోట్లో గుక్కెడు నీల్లు పొయ్యడానికి నానొక్కతినే మిగిలినాను. ఎల్తానంటే మొకం అంటించమంతావు!”

“అంటిస్తే ఈ మధ్యాహ్నం బండికే వెళ్లొచ్చు కదా?”

“అంటిస్తే దారి పొడుగునా టీసీలు సూత్తారు. ఇనస్పెక్టరు సూత్తాడు. నువ్వు బల్లసొరుగులో ఎట్టుకుని ఎప్పుడు కావాలంటే అప్పుడు సూత్తావు. ముందు మీ ఇంటి ఆడోల్ల బొమ్మ తెచ్చి ఈ గోడకి మేకు కొట్టు బాబూ. అప్పుడు నాదీ తీయించుకో.”

“అదీ అడుగు!” అని వరసలోంచి పైడమ్మ కేక వేసింది. ఆవిడ ఇంజను డ్రైవరు భార్య. కాలనీలో ఆవిడ నోటికి ఎదురు లేదు. “నా బొమ్మా ఇవ్వను. ఏటి సేత్తారో సెయ్యండి.” అని అక్కడే నేల మీద చతికిలబడింది. ఆవిడ వెనక ఒకరి తర్వాత ఒకరు కూర్చున్నారు. వరండాలో నడవడానికి దారి లేకుండా పోయింది.

“వెంకటస్వామీ, వీళ్లని లేపు!”

ఆఫీసులో తల నెరిసిన జవాను వెంకటస్వామి చేతిలోని కూజా కింద పెట్టాడు. “నా ఇంటిదాని బొమ్మా ఇవ్వను బాబూ. ఉజ్జోగం తీసేత్తే తీసెయ్యండి.”

రామమూర్తి మొహం కందిపోయింది. “ఇదంతా మూఢత్వం! మీలాంటి వాళ్ల వల్లే ఈ దేశం ఇలా ఏడుస్తోంది.”

“మూడత్వమే అనుకో,” అందామె. గొంతులో వణుకు లేదు. “మడిసి ఎదురుగా ఉంది. పేరు సెప్పినోడు పక్కనున్నాడు. మా ఇద్దర్నీ నమ్మవు, కాగితమ్ముక్కని నమ్ముతావు. నా మొకం నాది బాబూ. గవర్మెంటుకి నానేటీ రాసివ్వలేదు.”

రామమూర్తి చేతిలోని పత్రిక వైపు చూసుకున్నాడు. పత్రికలో రెండు జట్లూ ఇన్నాళ్లు అరుచుకున్నాయి గానీ ఈ ముక్క ఒక్కరూ రాయలేదు. తన భార్య మొహం ఏదో ఆఫీసు సొరుగులో, ఎవడో గుమాస్తా చేతికింద పడి ఉన్నట్టు కళ్లకి కట్టింది. చెవులు వేడెక్కాయి. యార్డులో వాల్తేరు బండి ఇంజను కూత పెట్టింది.

ఫోటోవాలాను పెట్టె సర్దుకోమన్నాడు. ఫోటో లేకుండానే పాసు రాసి ముద్ర కొట్టాడు. దానయ్య దాన్ని కళ్లకద్దుకుని, ఆమె వెనకే ప్లాటుఫారం వైపు పరుగెత్తాడు.

“పైవాళ్లు అడిగితే ఏటంతారు బాబూ?” అన్నాడు వెంకటస్వామి.

“ఆడవాళ్ల మొహాలు ఆఫీసు సొత్తు కాదంటాను. కావాలంటే నన్నే తీసెయ్యమంటాను.”

బండి కదిలిన చప్పుడు సన్నగిల్లాక రామమూర్తి సిరాబుడ్డి మూత తీశాడు. ఇంత హుషారుగా ఆయన ఎప్పుడూ కలం పట్టలేదు.

“ఇన్నాళ్లూ నేను రాసింది తప్పని రాస్తున్నాను వెంకటస్వామీ. ఆ తల్లి పేరు పత్రికలో పడాలి. దానయ్య భార్య బంగారమ్మ, భన్‌పురి, రాయపూర్...”

వెంకటస్వామి గబుక్కున కాగితం మీద అరచెయ్యి పెట్టాడు. “పేరొద్దు బాబూ.”

“ఎందుకొద్దు? అంతమంది ముందు ఎదురు నిలబడ్డ మనిషికి, పేరు పడితే భయమా?”

“దానికి బయమేటి బాబూ.”

“మరి?”

వెంకటస్వామి వరండాలోకి ఒకసారి తొంగిచూసి వచ్చాడు. గొంతు తగ్గించాడు.

“బండెక్కింది బంగారమ్మ సెల్లెలు బాబూ, బంగారమ్మని ఖారూన్ ఏటి ఒడ్డున మేమే కాల్చొచ్చినాం.”