హెడ్‌లైటు వెనక ముడి

"రుద్రంగి మలుపు కాడ నీ పికప్ బండిల దయ్యం కన్ను కొడుతదట గదా, లీలా!" కొత్త ఎల్‌ఈడీ లైట్లు బిగించడానికి పాత వైర్లు బయటికి లాగుతూ ఆటపట్టించాడు ఎలక్ట్రీషియన్ పాషా.

లీల నవ్వలేదు. నిరుడు ఆ మలుపులోనే ఈ బండి లైట్లు ఆరిపోయి ఆమె భర్త చనిపోయాడు.

వైర్ల మధ్య నూలుతో బిగించిన ముడి కనిపించింది.

"గిదేంది, బట్ట నేసే సాంచాల కాడి ముడి!"

"నేనే కట్టిన, చాచా. ఆ పొద్దు వైరు తెగితే, పోగు అతికినట్టు అతికి ఆయనను తోలిచ్చిన. నా చేతులతోని నేనే సంపుకున్న."

పాషా ముడిని గట్టిగా గుంజాడు. కదల్లేదు. దాని పక్కనే, ఆ ప్రమాదానికి ముందు తాను టేపు చుట్టిన జాయింటు ఊడి వేలాడుతోంది. లీల అటు చూడటం లేదు. కత్తిరించి పారేస్తే ఎవరికీ తెలియదు.

కటింగ్ ప్లయర్ కింద పెట్టేశాడు.

"నీ ముడి గట్టిగనే ఉన్నది, బిడ్డా. ఊడింది నేనేసిన జాయింటు."