పదో చిత్తుప్రతి

“టైరు పంక్చరైందంటే ఎవరూ నమ్మరండీ,” అంది భార్య, కాగితాలు బల్ల మీద పెడుతూ.

కథకుడు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “ఎందుకు నమ్మరు? లోకంలో పంక్చర్లు అవ్వవా?”

“లోకంలో అవుతాయి. కథలో సరిగ్గా ఆ రోజే, ఆ గంటకే అయితే రచయితే మేకు తెచ్చి గుచ్చినట్టుంటుంది. ఈ మాట నాకు నేర్పింది మీరే.”

నిజమే, ఆయన పద్ధతే అది. కథ మొదలుపెట్టే ముందు ఒక పెద్ద కాగితం మీద జరిగేవన్నీ వరసగా రాసుకుని, ఒక్కొక్కదాని కింద ఎర్ర సిరాతో ‘ఎందుకు?’ అని వేస్తాడు. అన్నిటికీ జవాబు దొరికాకే చిత్తుప్రతి. అది భార్య విని ‘ఊఁ’ అన్నాకే పత్రికకి. ఆవిడ మందుల షాపులో పనిచేస్తుంది. రోజంతా డాక్టర్ల గిలుకుడు చదివే మనిషి ముందు ఏ రచయిత ఆటలూ సాగవు.

ఈ కథకి మాత్రం తొమ్మిదిసార్లు రాసినా ‘ఊఁ’ రాలేదు. బడి వదిలే వేళకి తండ్రి వెళ్లడు. ఎనిమిదేళ్ల కూతురు ఒక్కతే రోడ్డు దాటబోయి లారీ కింద పడుతుంది. అంతే కథ. తండ్రి ఎందుకు వెళ్లలేదన్న దగ్గరే బండి దిగబడిపోతోంది. మొదట వాన కురిపించాడు. తర్వాత దారంతా వాహనాలు నింపాడు. ఒకసారైతే ఎవరో ముసలాయన్ని రోడ్డు మీద పడేసి, తండ్రి చేత ఆస్పత్రిలో చేర్పించాడు.

“ఆహా, తండ్రి దేవుడన్నమాట!” అంది భార్య అప్పుడు.

కట్టుకథ అయితే ఎంత బాగుండేదో. రెండేళ్ల కిందట వాళ్ల పాప అలాగే పోయింది. ఆ సాయంత్రం ఆస్పత్రి వరండాలో భార్య అడిగితే ఆయన ఒకటే ముక్క చెప్పాడు, టైరు పంక్చరైందని. ఆవిడ మళ్లీ అడగలేదు. ఈ తొమ్మిదోసారికి వేరే దారిలేక ఆ ముక్కే కథలో పెట్టాడు. అదీ నిలవలేదు.

“నువ్వు కోడిగుడ్డు మీద ఈకలు పీకుతున్నావ్,” అన్నాడు విసుగ్గా.

“పీకనివ్వండి. అసలు కారణం ఏదో రాయండి, వింటాను.”

“అసలు కారణమా? అంటే నేను అబద్ధం చెప్పాననా?”

“నేను కథ గురించే అన్నానండీ,” అంది భార్య నెమ్మదిగా.

భుజాలు తడుముకున్నానని ఆయనకి అప్పుడు తెలిసింది. గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. నిజం రాస్తే ఆవిడ తన మొహం చూడదు. రాయకపోతే పాప కథ ఎప్పటికీ అబద్ధంగానే ఉండిపోతుంది. ఆవిడ తప్ప ఆయనకి ఇంకెవరూ మిగల్లేదు. అయినా రాశాడు.

గంట తర్వాత బయటికొచ్చి, నిలబడే చదివాడు.

“తండ్రి కథ రాసుకుంటున్నాడు. ముగింపు దొరికీ దొరకనట్టుంది. ముగింపు రాస్తున్నప్పుడు తనని పిలవద్దని, కొంపలంటుకున్నా ఫోను చెయ్యొద్దని ఇంట్లో ఎప్పుడో చెప్పిపెట్టాడు. మూడున్నరైంది. గడియారం చూశాడు కూడా. ఇంకొక్క వాక్యం అనుకున్నాడు. అది రాసి తలెత్తేసరికి నాలుగూ పది.”

ఆయన తలెత్తలేదు.

“టైరుకి ఏమీ కాలేదు,” అన్నాడు. “నేను రాసుకుంటూ కూర్చున్నాను. ఎవరైనా ఒక్కసారి ఫోను చేసి ఉంటే లేచి పరిగెత్తేవాణ్ణి. నా పాపని నేనే చంపుకున్నాను.”

భార్య లేచి వెళ్లిపోతుందనుకున్నాడు. వెళ్లలేదు.

“ఊఁ,” అంది చివరికి.

ఆ ‘ఊఁ’ వినగానే ఆయనకి దుఃఖం ఆగలేదు. చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. “తిట్టు. ఏదో ఒకటి అను. ఇలా ఊరుకోకు.”

“మిమ్మల్ని తిట్టడానికి నేనెవర్ని?” ఆవిడ మొహం పాలిపోయింది. “ఏదో ఒకసారి నన్ను నమ్మిస్తారేమోనని తొమ్మిదిసార్లు విన్నాను. ఆ పంక్చరే నిజమైతే బాగుండేదండీ.”

అలా ఎందుకందో ఆయనకి అర్థం కాలేదు.

“ఇంకో ‘ఎందుకు’ ఉండిపోయింది,” అంది భార్య. “పాప గేటు దాటి బయటికెందుకొచ్చింది?”

“అదే నాకూ దొరకలేదు. నాన్నొచ్చేదాకా లోపలే ఉండమంటే చీకటి పడ్డా ఉండే పిల్ల. విసుగొచ్చి ఉంటుందని సరిపెట్టుకున్నాను.”

“నా కూతురికి విసుగు రాదు.”

ఆవిడ కథ ప్రణాళిక కాగితం ముందుకు లాక్కుంది. పాప రోడ్డు మీదికి వచ్చిందన్న వాక్యం కింద ఎర్ర సిరాతో ఉన్న ‘ఎందుకు?’ పక్కన ఏదో రాసి, కాగితం ఆయన వైపు తోసి, రెండు చేతులతో మొహం కప్పుకుంది.

ఆయన కళ్లు తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని చదివాడు.

“పాప బడి నుంచి షాపుకి ఫోను చేసి ‘నాన్న ఇంకా రాలేదు, నాన్నకి ఫోను చెయ్యనా అమ్మా?’ అని అడిగింది. ‘వద్దు తల్లీ, ముగింపు రాస్తుంటారు, నువ్వే నడిచొచ్చెయ్’ అంది అమ్మ.”